పదిహేడు సార్లు కూలిన మేడ

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ప్రతి విభాగానికీ రోజుకొక కాగితం ఉంటుంది. కాలర్లు కుట్టేవాళ్ళకొకటి, చేతులు కుట్టేవాళ్ళకొకటి, కాజాలు తీసేవాళ్ళకొకటి, ఇస్త్రీ చేసేవాళ్ళకొకటి. కాగితం మీద మూడే గడులు. మొదటిది ఉత్పత్తి, రెండోది లోపాలు, మూడోది మరమ్మతు. సాయంత్రం గంట మోగేలోగా మూడూ నింపి ఆఫీసులో ఇచ్చేయాలి. ఆ కాగితాలు అచ్చు వేయించిన మహానుభావుడెవరో గానీ, ఫ్యాక్టరీలో ఎన్ని గదులున్నాయో లెక్కపెట్టి అన్నిటికీ ఒక్కో కట్ట పంపించాడు. అలా పిల్లల గదికి కూడా ఒక కట్ట వచ్చింది.

పిల్లల గది కుట్టు హాలు చివర ఉంటుంది. మిషన్ల మీద పనిచేసే తల్లులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దించి, సాయంత్రం ఎత్తుకుపోతారు. మొత్తం తొమ్మిది మంది. రెండేళ్ళ వాళ్ళ నుంచి అయిదేళ్ళ వాళ్ళ దాకా. వాళ్ళని చూసుకునే ఆవిడని అందరూ ఆయమ్మ అంటారు. ఆయమ్మ పదకొండేళ్ళు కాజా మిషను మీద కూర్చుంది. కళ్ళు మసకబారి సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్ళని బతిమాలుకోవాల్సి వచ్చినప్పుడు ఆవిడని ఈ గదిలోకి మార్చారు.

కాగితాల కట్ట వచ్చిన రోజున ఆయమ్మ ఆఫీసుకు వెళ్ళి, ఉత్పత్తి అంటే ఏం రాయాలని గుమాస్తాని అడిగింది. గుమాస్తా తల ఎత్తకుండా, అట్టపెట్టెలో పెట్టి బయటికి పంపగలిగేదంతా ఉత్పత్తే అని చెప్పాడు. ఆయమ్మ గదికి తిరిగొచ్చి నాలుగు మూలలూ చూసింది. ఒక మూల ఇద్దరు పిల్లలు ఒకే చెప్పు కోసం పోట్లాడుకుంటున్నారు. ఇంకో మూల ఒక పాప గోడతో మాట్లాడుతోంది. అట్టపెట్టెలో పెట్టి పంపగలిగేది ఏదీ కనిపించలేదు. ఉత్పత్తి దగ్గర సున్నా వేసింది. లోపాలు సున్నా. మరమ్మతు సున్నా. ఒక్క అబద్ధం రాయాలన్నా చెయ్యంతా చెమట పట్టే మనిషి ఆవిడ.

అలా ఎనిమిది నెలలు సున్నాలు వేసింది. గుండ్రంగా, ముచ్చటగా వేసింది.

తొమ్మిదో నెలలో ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కాలర్లు కుట్టే, అందరూ వదిన అని పిలిచే ఆవిడ భోజనాల వేళ దాన్ని చదివి వినిపించింది. ఎనిమిది నెలలుగా ఈ విభాగంలో ఉత్పత్తి ఏమీ లేదు కాబట్టి, శుక్రవారం టైము రాసే అధికారి వచ్చి రోజంతా కూర్చుని చూస్తారట. ఆ రోజు కూడా ఉత్పత్తి లేకపోతే సోమవారం నుంచి ఆ గదిని దారాలు నిలవచేసే గదిగా మారుస్తారట. ఆయమ్మ దారపు కొసలు కత్తిరించే బల్ల దగ్గరికి వెళ్ళాలట.

తొమ్మిది మంది పిల్లలు ఎక్కడికి పోతారు? ఇంటి దగ్గర చూసేవాళ్ళుంటే వీళ్ళని ఇక్కడికెందుకు తెస్తారు? ఇక కొసలు కత్తిరించే బల్లంటారా, సూది బెజ్జమే కనపడని కళ్ళకి దారపు కొస ఏం కనిపిస్తుంది? కొస అనుకుని చొక్కానే కత్తిరించినా కత్తిరిస్తుంది.

"నువ్వు మరీ అమాయకురాలివక్కా," అంది వదిన. "ఏదో ఒకటి రాసి పడేయక సున్నాలెందుకు వేశావు? ఇవాళ్టి నుంచే అక్షరాలు నేర్పు. ఆయన వచ్చేసరికి నలుగురు గడగడా అప్పజెప్పారంటే నీ గదికి ఢోకా ఉండదు."

సరేనని ఆయమ్మ ఆ మధ్యాహ్నమే గోడ మీద సుద్దతో పెద్ద అక్షరం రాసి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. ఇద్దరు వెంటనే నిద్రపోయారు. ఒకడు తన బొటనవేలిని తీరిగ్గా పరిశీలించడం మొదలుపెట్టాడు. చీమ అని అందరూ పిలిచే నాలుగేళ్ళ పిల్లవాడు మాత్రం అక్షరాన్ని చాలాసేపు చూసి, ఇది రాత్రిపూట కూడా ఇలా నిలబడే ఉంటుందా, పడుకోదా అని అడిగాడు. ఆయమ్మ తడిగుడ్డతో అక్షరాన్ని తుడిచేసి, పోయి ఆడుకోండి అంది. నిద్రపోయిన ఇద్దరు కూడా లేచి పరిగెత్తారు.

శుక్రవారం పొద్దున్నే టైము రాసే అధికారి రానే వచ్చాడు. ఫ్యాక్టరీలో ఆయన్ని గడియారం సార్ అంటారు. మెడలో తాడు, తాడుకి గడియారం, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పుతో కాగితం. కాలరు కుట్టడానికి ఎన్ని సెకన్లు, గుండీ కుట్టడానికి ఎన్ని సెకన్లు అన్నీ ఆయన వేలి కొసల మీద ఉంటాయి. ఆయన వెనక నిలబడితే చాలు, ఎంతటి పనిమంతురాలికైనా దారం తెగుతుంది. ఆయన రాసిన అంకెని మాత్రం ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, మేనేజర్ గారితో సహా.

గదిలో పెద్దవాళ్ళ కుర్చీ లేదు. ఆయన పిల్లల పీట మీదే కూర్చున్నాడు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఆయమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

ఆ కిటికీ గురించి చెప్పాలి. గదికీ కుట్టు హాలుకీ మధ్య గోడలో గాజు కిటికీ ఒకటుంది. కానీ అది పెద్దవాళ్ళ నడుం ఎత్తులో మొదలవుతుంది. పిల్లల్లో పొడుగువాళ్ళు మునివేళ్ళ మీద నిలబడితే ముక్కు దాకా అందుతుంది. చీమలాంటివాళ్ళకి గోడే కనిపిస్తుంది. చీమ వాళ్ళమ్మ చొక్కా చేతులు కుడుతుంది. ఆవిడ మిషను కిటికీకి సరిగ్గా అవతలే ఉంది. మిషన్ల మోతలో అమ్మ మిషను మోత ఏదో తనకి తెలుసని చీమ అంటాడు. నిజమో అబద్ధమో ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఆ రోజు చీమ రాగానే పనిలోకి దిగాడు. గదిలో ఆటసామాను కొని తెచ్చింది ఏదీ లేదు. దారం అయిపోయిన కోన్లు, చొక్కా మడతలో పెట్టే అట్టముక్కలు, కత్తిరించగా మిగిలిన గుడ్డపేలికలు, పెద్ద అట్టపెట్టె ఒకటి, అంతే. కోన్లన్నీ తెల్లవి. ఒక్కటి మాత్రం ఎర్రది. చీమ ఆరు కోన్లు ఏరుకుని కిటికీ కింద మేడ కట్టడం మొదలుపెట్టాడు.

కోను అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. చీమ మొదటిదాన్ని నిలబెట్టి, రెండోదాన్ని తలకిందులు చేసి దాని నెత్తి మీద పెట్టాడు. పడిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. గడియారం సార్ గడియారం నొక్కాడు. లోపాలు అన్న గడిలో రెండు గీతలు గీశాడు.

ఏడో గీత గీసేసరికి ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఇరవై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే: ఎవరైనా చేతులు వంకరగా తిప్పుతుంటే, ఇలా కాదు ఇలా అని దగ్గర దారి చూపించడం. ఆయన పీట మీద నుంచి ముందుకు వంగి కోను మీద చెయ్యి వేయబోయాడు.

"చెప్పకండి సార్," అంది ఆయమ్మ.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో ఆయనకి ఎవరూ అలా చెప్పి ఉండరు. చెప్పాక ఆయమ్మ కూడా నాలుక కరుచుకుంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే సరిపోతుంది కదమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఒకదాంట్లో ఒకటి దిగి గట్టిగా నిలబడతాయి. నాలుగు సెకన్ల పని."

"నిలబడతాయి సార్. కానీ పెరగవు. ఒకదాన్నొకటి మింగేస్తాయి. వాడికి కావలసింది ఎత్తు."

"ఎత్తెందుకు?"

ఆయమ్మ కిటికీ వైపు చూపించింది. ఆయన కిటికీని చూశాడు, కింద చీమని చూశాడు, మళ్ళీ పీట మీద సర్దుకుని కూర్చున్నాడు. తను చెప్పబోయింది వేరే పనికి దగ్గర దారి అని అర్థమైంది కాబోలు, గడియారాన్ని ఒకసారి చొక్కాకి తుడుచుకున్నాడు.

ఈలోగా గది రెండో వైపు బస్సు బయలుదేరుతోంది. బస్సు అంటే ఆ పెద్ద అట్టపెట్టె. దాని యజమాని, డ్రైవరు, కండక్టరు అన్నీ గుండీయే. గుండీ కాలర్లు కుట్టే వదిన కూతురు. అయిదేళ్ళు. ముక్కు చొక్కా గుండీలా గుండ్రంగా ఉంటుందని ఆ పేరు. ఆ రోజు గుండీ మెడలో గుడ్డపేలిక, పేలికకి సీసా మూత వేలాడుతున్నాయి. ఒక చేత్తో మూత పట్టుకుని, రెండో చెయ్యి నడుం మీద పెట్టి, ఎక్కేవాళ్ళ వెనకాల నిలబడి, త్వరగా, త్వరగా, పన్నెండు సెకన్లయింది అని సాధిస్తోంది. ఆ నిలబడడం, ఆ కనుబొమ్మలు ముడవడం, ఆ దగ్గు కూడా అచ్చం గడియారం సార్‌వే. ఇంట్లో వదిన ఆయన గురించి రోజూ ఎంత ముచ్చటగా చెప్పుకుంటుందో ఆయమ్మకి అప్పుడు తెలిసింది. భూమి రెండుగా చీలితే అందులోకి దూరిపోదామా అనిపించింది.

గడియారం సార్ చూసీ చూడనట్టు చాలాసేపు ఉన్నాడు. చివరికి ఉండబట్టలేక, ఏం పాపా, అది ఏం గడియారం అని అడిగాడు.

"టైము రాసే గడియారం తాతా."

తాతా అన్నందుకు ఆయన ముఖం ముడుచుకుంది. మామయ్యా అనమన్నాడు. గుండీ ఆయన నెత్తి మీద మిగిలిన వెంట్రుకల్ని శ్రద్ధగా చూసి, మళ్ళీ బస్సు వైపు తిరిగింది. అంతలో బస్సులోంచి ఒక పిల్ల నీళ్ళు తాగాలి అంది. గుండీ మూతని బొటనవేలితో నొక్కి పట్టుకుని, వెళ్ళిరా అంది. ఆ పిల్ల కుండ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, దారిలో ఒక చీమల బారుని కూడా చూసుకుని వచ్చేదాకా గుండీ వేలు తీయలేదు.

"ఎందుకలా నొక్కావు?" అన్నాడు గడియారం సార్.

"నీళ్ళకి వెళ్తే ఆపాలి. మా గడియారం అంతే."

ఆయన తన గడియారాన్ని చూసుకున్నాడు. అది నడుస్తూనే ఉంది. హాల్లో ఆడవాళ్ళు నీళ్ళకి లేచినప్పుడల్లా అది నడుస్తూనే ఉంటుంది. ఆయన ఏదో రాయబోయి మానుకున్నాడు.

మధ్యాహ్నానికి మేడ పదకొండు సార్లు కూలింది. పదకొండోసారి చీమ కోన్లన్నిటినీ ఒక్క తన్ను తన్ని, వాటితో తనకి ఏ సంబంధమూ లేనట్టు వెళ్ళి బస్సెక్కాడు. ఉన్న ఒక్క ఆశ కూడా బస్సెక్కి పోయిందనుకుంది ఆయమ్మ. వెళ్ళి వాడిని బుజ్జగించి తీసుకొద్దామా అని ఒక అడుగు వేసింది. పొద్దున్న ఆయనకి తను చెప్పిన మాట గుర్తొచ్చి ఆ అడుగు వెనక్కి తీసుకుంది.

గుండీ బస్సులో ఎక్కినవాళ్ళకి ఒక్కో అట్టముక్క టిక్కెట్టుగా ఇస్తుంది. బస్సు ఎక్కడికీ కదలదు, కానీ అందరూ ఊగాలి. ఊరొచ్చింది అనగానే దిగాలి. చీమ ఊగాడు, దిగాడు. చేతిలో టిక్కెట్టుతో మళ్ళీ కిటికీ కిందికి వచ్చాడు. కోపం బస్సులోనే మరిచిపోయినట్టున్నాడు. ఒక కోను నిలబెట్టాడు. రెండోది ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. టిక్కెట్టు ఎక్కడ పెట్టాలి? కింద పెడితే ఎవరైనా పట్టుకుపోతారు. అందుకని నిలబెట్టిన కోను నెత్తి మీదే పెట్టాడు.

పెట్టి, దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

సన్నటి కోను కొసన చదునైన అట్ట. బల్లలాగా ఉంది. చీమ రెండో కోనుని తలకిందులు చేయలేదు. మామూలుగానే, వెడల్పు అడుగు కిందికి వచ్చేలా, ఆ అట్ట మీద పెట్టాడు. వేలు తీశాడు. నిలబడింది.

గడియారం సార్ పీట మీద నుంచి సగం లేచాడు. ఆయమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

ఇప్పుడు ఇంకో అట్ట కావాలి. చీమ వెళ్ళి అడిగాడు. ఊరికే టిక్కెట్టు ఇవ్వడం కుదరదని, బస్సెక్కితేనే ఇస్తానని గుండీ ఖరాఖండిగా చెప్పేసింది. చీమ బస్సెక్కాడు, ఊగాడు, దిగాడు, టిక్కెట్టు తెచ్చుకున్నాడు. మూడో కోను నిలబడింది. మళ్ళీ బస్సెక్కాడు. వచ్చేసరికి రెండేళ్ళ బుడతడు ఒకడు మేడని ముద్దు పెట్టుకోబోయి కూల్చేశాడు. పన్నెండు. మళ్ళీ కట్టాడు. అట్ట పక్కకి జరిగి పదమూడు. చీమ బస్సులో ఊగుతూనే కిటికీ వైపు ఒక కన్ను వేసి, ముందు అట్టని సరిగ్గా మధ్యలో పెట్టాలని తనకి తనే చెప్పుకున్నాడు. పద్నాలుగు, పదిహేను. నాలుగో టిక్కెట్టు దగ్గర గుండీకే అనుమానం వచ్చింది. ఒకే ఊరికి ఇన్నిసార్లు ఎందుకు వెళ్తున్నావని నిలదీసింది. మేడ కడుతున్నా అన్నాడు చీమ. ఇంకేముంది, బస్సు ఆగిపోయింది. డ్రైవరుతో సహా ప్రయాణికులంతా దిగొచ్చి మేడ చుట్టూ చేరి, తలా ఒక సలహా ఇచ్చారు. ఆ సలహాల గాలికే రెండుసార్లు పడింది. పదిహేడు.

గుండీ అందరినీ నాలుగడుగులు వెనక్కి జరిపించింది. ముద్దు బుడతడి చెయ్యి తనే పట్టుకుంది. ఊపిరి కూడా మెల్లగా తీయమంది. చీమ ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు కోన్లు నిలబెట్టి, మునివేళ్ళ మీద లేచి, ఎర్ర కోనుని పైన పెట్టాడు.

కిటికీ అవతల చొక్కా చేతులు కుడుతున్న తల్లికి, గాజులో కింది నుంచి ఎర్రటి తల ఒకటి మొలిచినట్టు కనిపించింది. ఆవిడ ఒక్క క్షణం పెడల్ మీద నుంచి కాలు తీసింది. చేతిలో ఉన్న చిన్న కత్తెరతో గాజు మీద టక్ టక్ మని రెండుసార్లు కొట్టి, మళ్ళీ కుట్టులో పడింది.

"మా అమ్మ," అన్నాడు చీమ గోడ వైపు చూస్తూ, అందరికీ పరిచయం చేస్తున్నట్టు.

అలవాటు కొద్దీ గడియారం సార్ గడియారం నొక్కనే నొక్కాడు. చేతుల విభాగంలో రెండు సెకన్లు పని ఆగింది. ఆ రెండు సెకన్లు ఏ గడిలో రాయాలో ఆయనకి తోచలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి తన అరచేతి మీద రాసుకున్నాడు.

సాయంత్రం గంటకి ముందు మేనేజర్ గారే స్వయంగా వచ్చారు, దారాల అరలు ఎక్కడ పెట్టించాలో కొలుచుకోవడానికి టేపు కూడా పట్టుకుని. గడియారం సార్ కాగితం అందించాడు. మేనేజర్ గారు పైకే చదివారు.

ఉత్పత్తి: ఆరు కోన్ల మేడ ఒకటి. లోపాలు: పదిహేడు. మరమ్మతు: పదిహేడు.

"మరమ్మతు ఎవరు చేశారు?" అన్నారు మేనేజర్ గారు.

"చేసినవాడే సార్. ఎవరూ చెప్పలేదు. చెప్పబోతే నన్ను కూడా చెప్పనివ్వలేదు."

మేనేజర్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. కాలర్ల విభాగంలో మూడు కాలర్లు తిరిగొస్తేనే ఇద్దరు ఏడుస్తారు, ఒకరు సెలవు పెడతారు. పదిహేడు సార్లు తిరగ్గొట్టినా మళ్ళీ కూర్చునేవాళ్ళు తన ఫ్యాక్టరీలో ఎవరున్నారని ఆయన మనసులో వెతుక్కున్నట్టున్నారు. చాలాసేపటిదాకా ఏ పేరూ దొరకలేదు. అయినా అంత తేలిగ్గా లొంగిపోతే ఆయన మేనేజరెందుకవుతారు?

"ఈ మేడ మనకెందుకయ్యా? ఉత్పత్తి అంటే అట్టపెట్టెలో పెట్టి పంపగలిగేది," అన్నారు.

ఆయమ్మ నోరు తెరిచింది. ఎనిమిది నెలలుగా ఆ మాట దగ్గరే తను ఆగిపోయింది. ఇప్పుడు మాత్రం ఎందుకో ఆగలేదు.

"నేనూ అదే వెతికాను బాబూ. నా కళ్ళు సరిగ్గా లేక కనపడలేదు. అటు చూడండి."

గది మూల, అట్టపెట్టెలో, గుండీ ముందు, చీమ వెనక, వాళ్ళ మధ్య ముద్దు బుడతడు, ఇంకా ఇద్దరు ఇరుక్కుని కూర్చుని ఊగుతున్నారు. పెట్టె పక్కన ఫ్యాక్టరీ ముద్ర కూడా ఉంది.

"అందులో ఉన్నవే బాబూ," అంది ఆయమ్మ. "కానీ ఇప్పుడే పంపడానికి లేదు. ఇంకా తయారవుతున్నాయి. వాళ్ళని వాళ్ళే చేసుకుంటున్నారు. నేను చేయగలిగింది మధ్యలో చెయ్యి పెట్టకుండా ఉండడమే."

మేనేజర్ గారు జవాబు ఆలోచిస్తూ టేపు చుట్టబోయారు. గుండీ మెడలోని మూత పట్టుకుని, ఎక్కుతావా తాతా, పన్నెండు సెకన్లే ఉంది అని కేక వేసింది. చోటు లేదు కదా అన్నారాయన. ఊగితే సరిపోతుంది, నిలబడి ఊగు అంది గుండీ. ఒక అట్టముక్క తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెద్దమనిషి అటూ ఇటూ చూశారు. గడియారం సార్ మర్యాదగా పైకప్పు వైపు చూస్తున్నాడు. మేనేజర్ గారు పెట్టె పక్కన నిలబడి ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు ఊగారు. ఊరొచ్చింది అంది గుండీ.

దారాల అరలు మెట్ల కింద పెట్టించమని ఆయన వెళ్తూ వెళ్తూ చెప్పారు. టిక్కెట్టు జేబులోనే పోయింది. అయితే మేనేజరు మేనేజరే. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, ఉత్పత్తి బాగానే ఉంది గానీ లోపాలు మరీ ఎక్కువగా ఉన్నాయని, వచ్చే వారానికల్లా పదిహేడుని ఎనిమిదికి తగ్గించమని ఆయమ్మకి గట్టిగా చెప్పారు. ఆయమ్మ అలాగే బాబూ అంది.

సోమవారం చీమ ఏడో కోను కూడా తెచ్చుకున్నాడు. అమ్మకి ఎర్రతల ఇంకొంచెం పైకి కనపడాలట. ఎత్తు చాలక పీట ఎక్కాడు. పీట ఊగితే మేడ కూడా ఊగింది.

సాయంత్రం ఆయమ్మ కాగితం ముందు పెట్టుకుంది. మసక కళ్ళని ఇంకాస్త దగ్గరికి తెచ్చి, లోపాలు అన్న గడిలో ఇరవై మూడు అని రాసింది. మరమ్మతు గడిలో ఇరవై మూడు. ఉత్పత్తి గడిలో ఏమని రాయాలో కాసేపు ఆలోచించి, 'శుక్రవారం కంటే ఆరుసార్లు ఎక్కువ పడింది, చాలా బాగా జరుగుతోంది' అని రాసింది. చేతికి ఒక్క చుక్క చెమట పట్టలేదు.